మింగుడు తాత

ఆ కళ్ళజోళ్ళ దుకాణంలో ముందు గది డాక్టరుగారిది, నడిమి గది ఫ్రేములది, వెనక గది అద్దాలక్కది. అసలు పేరు దుకాణంలో ఎవరికీ గుర్తులేదు, అవసరమూ పడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒకటే. గుండ్రటి అద్దం బిళ్ళ మీద సరిగ్గా ఎక్కడ చుక్క పెట్టాలో కొలవడం, ఆ చుక్క కంటిపాపకు ఎదురుగా వచ్చేలా బిళ్ళను నీళ్ళు పారే సానరాయి మీద అరగదీయడం, ఫ్రేములో కూర్చోబెట్టడం. చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా పెట్టుకున్నవాళ్ళకు తలనొప్పి తప్పదు. ఊళ్ళో సగంమంది ఆవిడ అరగదీసిన అద్దాల్లోంచే పేపరు చదువుతారు గానీ ఆవిడ ముఖం చూసినవాళ్ళు తక్కువ.

ఇంటికి వెళ్తే అక్కడా చూసేవాళ్ళు లేరు. మూడో అంతస్తులో రెండు గదులు. ఒక గదిలో ఆవిడ, రెండో గదిలో నాన్న కుర్చీ. పెళ్ళి ఒకసారి కుదిరి తప్పిపోయింది, ఆ తర్వాత ఆ మాట ఆవిడే ఎత్తనివ్వలేదు. నాన్న పోయి మూడేళ్ళయింది.

ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను మోగుతుంది. అన్నయ్య. బస్సు డిపోలో టైర్లు మార్చే పని అతనిది, ఊరికి అవతలి చివర ఉంటాడు. ఫోను మోగినంతసేపూ మోగి ఆగిపోతుంది. ఆవిడ ఎత్తదు, కట్టెయ్యదు, ఆగేదాకా దానివంకే చూస్తూ కూర్చుంటుంది. అంత కోపమున్న మనిషి లేచి పక్క గదిలోకి పోవచ్చు కదా అని మీరడగొచ్చు. పోదు. వారమంతా ఆవిడ ఇంట్లో వినిపించే మనిషి అలికిడి అదొక్కటే మరి.

కోపానికి కారణముంది. నాన్న పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. పగలు అన్నయ్య, సాయంత్రం నాలుగు నుంచి ఆవిడ, అలా వంతులు వేసుకున్నారు. చివరి రోజు ఆవిడ దుకాణం నుంచి బయలుదేరుతుండగా ఫోను వచ్చింది. "రా చిట్టీ. అయిపోయింది" అన్నాడు అన్నయ్య. దుకాణానికీ ఆసుపత్రికీ నడిస్తే పదిహేను నిమిషాలు. పొద్దుటి నుంచే పరిస్థితి బాగోలేదని నర్సు నోరు జారింది. మరి ఎందుకు పిలవలేదు?

"నాన్న ఏమైనా అన్నాడా?" అని అడిగింది.

"ఏమీ అన్లేదు. నిద్రలోనే పోయాడు."

అలా అన్న మనిషి కళ్ళలో తడి లేదు. చీమ కుట్టినట్టయినా లేదు. ఆవిడ వరండాలో అందరి ముందూ అనేసింది. "నువ్వు మనిషివి కాదు, రాయివి. చిన్నప్పట్నుంచీ నా వంతు లాక్కోవడమే నీ పని."

వంతు అన్న మాట ఊరికే రాలేదు. ఆవిడకు ఏడేళ్ళు, అతనికి పదమూడేళ్ళు ఉన్నప్పుడు ఇంట్లో టీవీకి తగిలించే ఆటల పెట్టె ఒకటి ఉండేది. పెట్టెకు ఒకటే కంట్రోలరు. ఆటలో చస్తే అది చేతులు మారాలన్నది నియమం. అయితే ప్రతి దశ చివరా దారికి అడ్డంగా ఒక పెద్ద శత్రువు నిలబడతాడు, వాణ్ణే బాస్ అంటారు. వాడు రాగానే అన్నయ్య చెయ్యి చాపేవాడు. "బాసులు నావి. ఇటివ్వు." ఎంత ఏడ్చినా ఇచ్చేవాడు కాదు.

అందరిలోకీ పెద్ద బాసు వంతెన కాసే ముసలి రాక్షసుడు. మూడు దెబ్బలు తిన్నాక దుడ్డుకర్ర పారేసి మోకాళ్ళ మీద కూలబడి, ఇంగ్లీషులో ఏదో అనేవాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. "ఏమంటున్నాడన్నయ్యా?" అని అడిగితే, "నిన్నూ నన్నూ కలిపి మింగేస్తాడట" అని చెప్పాడు. అప్పటినుంచి వాడి పేరు మింగుడు తాత. ఆ పేరు ఇంట్లో పాతుకుపోయింది. నాన్న పని నుంచి ఆకలితో వస్తే గుమ్మంలోనే "మింగుడు తాత వచ్చాడోయ్" అనేవాడు.

ఈమధ్య ఆ పాత ఆటనే కొత్తగా తీసుకొచ్చారు, తెలుగు అక్షరాలతో సహా. ఫోనులో ప్రకటన చూసి అద్దాలక్క టీవీకి తగిలించే పెట్టెతో సహా కొనేసింది. కారణం గొప్పదేమీ కాదు. ఒక్కసారైనా మింగుడు తాతను తన చేత్తో కొట్టాలి, అన్నయ్య లాక్కున్న వంతు తీర్చుకోవాలి. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇదేం పంతం అంటే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వంశం వాళ్ళది.

వేళ్ళు అద్దాలకు అలవాటు పడ్డవి, బటన్లకు కావు. మొదటి ఆదివారం మొదటి దశలోని గబ్బిలాల చేతిలోనే నలభైసార్లు చచ్చింది. చచ్చిన ప్రతిసారీ కంట్రోలరు పక్కకు చాపబోయి, పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి, మళ్ళీ తనే మొదలుపెట్టింది. ఒంటరితనం అంటే ఏమిటో ఆవిడకు మూడేళ్ళుగా తెలుసు గానీ, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు తెలిసినంత బాగా ఎప్పుడూ తెలియలేదు.

అయిదో ఆదివారం మూడున్నరకు వంతెన దగ్గరికి చేరింది. మూడు దెబ్బలు పడ్డాయి. ముసలివాడు కర్ర పారేసి కూలబడ్డాడు. తెర అడుగున అక్షరాలు వచ్చాయి.

"చాలు బిడ్డా. నన్నిక్కడ నిలబెట్టినవాళ్ళు ఎప్పుడో పోయారు. నా అంతట నేను ఈ చోటు వదల్లేను. అలసిపోయాను. నొప్పి తెలియకుండా నీ పని కానివ్వు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. మింగడం ఊసే లేదు. తెలుగులో తప్పు రాశారేమోనని ఇంగ్లీషుకు మార్చి చూసింది. ఈ ముప్పై ఏడేళ్ళలో ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చింది. అక్కడా అదే ఉంది.

కొట్టకపోతే ఆట కదలదు. ముసలివాడు తల వంచి కాచుకుని ఉన్నాడు. ఆవిడ వేలు బటను మీద ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. తను వెనక గెంతుతూ "కొట్టన్నయ్యా, కొట్టు, లేకపోతే మింగేస్తాడు" అని అరుస్తుంటే అన్నయ్య అరచేతులు నిక్కరుకు తుడుచుకునేవాడు. చెమట అనేవాడు. కొట్టేశాక మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళి చాలాసేపు వచ్చేవాడు కాదు. వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉండేవాడు. పదమూడేళ్ళవాడు. ఆ మాటలు చదివి, మింగేసుకుని, చెల్లెలికి వేరే మాట చెప్పి, తనే కొట్టాడు. ఆవిడ మాత్రం దాన్ని లాక్కోవడం అనుకుంది. ఇన్నేళ్ళు చుక్కలు సరిగ్గా పెట్టిన మనిషి సొంత అన్న దగ్గర ఇంత పక్కకు పెట్టింది.

ఆ వెనకే ఇంకో మాట వచ్చి నిలబడింది. ఏమీ అన్లేదు. నిద్రలోనే పోయాడు.

నాలుగయింది. ఫోను మోగింది. ఆవిడ ఎత్తింది.

మూడేళ్ళుగా మోగించడమే తప్ప మాట్లాడే అవసరం రాని మనిషి "చిట్టీ?" అని మాత్రం అన్నాడు.

"అన్నయ్యా, నాన్న నిజంగా ఏమన్నాడు?"

"చెప్పాగా చిట్టీ. ఏమీ..."

"మింగుడు తాత మింగేస్తాననలేదు. ఇప్పుడే చదివాను."



"నాన్న ఆక్సిజన్ మాస్కు తీయించుకున్నాడు" అన్నాడు అన్నయ్య. "ఇక చాలురా, డాక్టర్లను ఆపేయమను అన్నాడు. నిన్ను పిలుస్తానంటే వద్దన్నాడు. అది వస్తే వద్దని ఏడుస్తుంది, దాని కోసం మళ్ళీ ఓర్చుకోవాలి, నా వల్ల కాదన్నాడు. కాగితం మీద నేనే సంతకం పెట్టాను. నాలుగింటికల్లా కానిచ్చేయ్, అది వచ్చే వేళవుతుంది అన్నాడు."

"అప్పుడు ఒక్కడివే ఉన్నావా?"

"ఉన్నాను."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు కూడా మొయ్యాలిగా."

ఆవిడ ఏడ్చింది. అవతల అతనూ ఏడ్చాడు. ఆవిడ వినగా అన్నయ్య ఏడవడం అదే మొదలు. తెర మీద ముసలివాడు అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఆయన నా ఎదురుగానే ఉన్నాడన్నయ్యా. చెయ్యి రావట్లేదు."

"అట్లాగే ఉంచు. నేనొస్తున్నా. రెండు బస్సులు మారాలి, గంటలో ఉంటా. నేను కొడతాలే."

"రా" అంది ఆవిడ. "కానీ కొట్టేది నేను. నువ్వు పక్కన కూర్చో."

ఫోను పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళి, నాన్న కుర్చీ తెచ్చి టీవీ ముందు తన కుర్చీ పక్కన వేసింది.