బిర్యానీ తలుపు దగ్గర లైన్‌బ్యాకర్

మా అక్క పెళ్ళిలో భోజనాలు అల్లకల్లోలం కావడానికి వంటాయన మస్తాన్ భాయ్ కారణం కాదు, పాస్టరుగారి ప్రసంగం కారణం కాదు, నంద్యాల ఎండ అసలే కాదు. కారణం నేను. కొంత బాధ్యత అమెరికాకు కూడా ఉంది గానీ, ఆ దేశాన్ని తెచ్చి మా నాయన ముందు నిలబెట్టే వీలు లేకపోయింది. అందుకని తిట్లన్నీ నేనే తిన్నాను. బిర్యానీ ఎవరు తిన్నారో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, అమెరికన్ ఫుట్‌బాల్ వీడియోల్లో ప్రతి ఆటగాడి చుట్టూ ఒక డబ్బా గీసి, వాడు ఆడే స్థానం పేరు రాయడం నా ఉద్యోగం. కంప్యూటర్‌కు ఆట నేర్పడానికంట. అది నేర్చుకుందో లేదో తెలియదు, నాకు మాత్రం తలకెక్కింది. పేరుకు ఫుట్‌బాల్ గానీ అందులో కాలితో తన్నేది తక్కువ. ఒకడు బాల్‌ను చంకలో పెట్టుకుని పరిగెత్తుతాడు, లేదంటే ఒకడు విసిరితే దూరంగా ఇంకొకడు పట్టుకుంటాడు. అడ్డుకునే జట్టులో ముందు వరసకు వెనక నిలబడేవాడే లైన్‌బ్యాకర్.

పాత వీడియోల్లో ఈ లైన్‌బ్యాకర్ మెడ లేని మనిషి. మధ్యలో నిలబడి, బాల్‌తో ఎవడొస్తే వాణ్ణి గుద్ది పడేయడమే పని. వాడికి నేను గీసే డబ్బా బీరువా అంత ఉండేది. కొత్త వీడియోలకు వచ్చేసరికి ఆ డబ్బా సన్నబడింది, మధ్యలోంచి పక్కకు జరిగింది. ఇప్పుడు అందరూ బాల్‌ను గాల్లో విసురుతున్నారు కాబట్టి గుద్దేవాడికంటే వెనక్కి పరిగెత్తి కాచుకునేవాడికి గిరాకీ పెరిగింది. వాడు ఎదుటివాళ్ళ కళ్ళు చూసి ఎత్తు పసిగట్టాలి. బాల్ ఒకరికి ఇచ్చినట్టు నటించి ఇంకెవరికో ఇస్తే మోసపోకూడదు. ఇంత విజ్ఞానం బుర్రలో పెట్టుకుని ఎంతకాలమని ఊరకుంటాను చెప్పండి? సరిగ్గా అప్పుడే అక్కకు పెళ్ళి కుదిరింది, ఆళ్ళగడ్డ సంబంధం.

మా చుట్టాల పెళ్ళి ఎవరిదైనా సరే, భోజనాల హాలు తలుపు దగ్గర మా దావీదు మామ నిలబడతాడు. మామ అంటే అమ్మ తమ్ముడు, రుద్రవరంలో సేద్యం. ఆయన నిలబడ్డాడంటే తలుపు మూసినట్టే. మగపెళ్ళివాళ్ళను ముందు పంపి, వాళ్ళతో మొదటి బంతి నిండాక మిగతావాళ్ళను వదులుతాడు. ఆ పనికి ఆయన్ను ఎవరూ నియమించలేదు, మార్చాలని కూడా ఎవరికీ తోచలేదు, నాకు తప్ప.

పెళ్ళికి ముందురోజు అక్క నన్ను పక్కకు పిలిచింది.

"సుధా, రేపు పెండ్లికొడుకు వాళ్ళ జేజి వస్తాంది. ఆ ఇంట్లో నాయనమ్మ మాటే మాట. యాడనో ఒక పెండ్లిలో మొదటి బంతిలో కూచోబెట్టలేదని ఆ ఇంటోళ్ళతో ఇప్పటికీ మాట్లాడదంట. ఆమెకు మొదటి బంతిలో మటన్ తునకలు పడాల. ఆమె అలిగితే ఆ ఇంట్లో బతకాల్సింది నేను, నువ్వు కాదు."

"భయపడాకక్కా. డిఫెన్స్ నేను చూసుకుంటా."

"అన్నం పెట్టేదానికి డిఫెన్స్ ఏందిరా?"

జేజి మోకాళ్ళ నొప్పులతో నిశ్చితార్థానికి రాలేదు. ఆమెను మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మనిషి ఎలా ఉంటుందో కనుక్కోవాలని నాకు తోచనేలేదు. నా ఆలోచనంతా ఫంక్షన్ హాలు కిటికీల మీద ఉంది.

పెళ్ళిరోజు పొద్దున్నే దావీదు మామను పట్టుకున్నాను.

"మామా, నువ్వు పాతకాలం లైన్‌బ్యాకర్‌వి."

"తిడతాండావా అల్లుడూ, పొగుడుతాండావా?"

"పొగుడుతాండా. గానీ కాలం మారింది. ఇప్పుడు దాడి మధ్యలోంచి రాదు, గాల్లోంచి వస్తాది."

"గాల్లోంచా? ఈడ కోతులు ల్యావు గదప్పా."

"కోతులు కాదు మామా, కర్చీఫులు! బస్సులో సీటుకు ఏసినట్ల కిటికీలోంచి కుర్చీల మీదికి ఏస్తారు. నువ్వు తలుపు కాడ కొండ మాదిరి నిలబడింటే ఎనక సగం కుర్చీలు పోతాయి. నువ్వు పోయి మూల కిటికీ కాడ కాచుకో."

"తలుపు కాడ ఎవరుంటారు మల్ల?"

"నేను."

మామ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. చూడ్డానికి పెద్ద సరుకు లేదు గనక ఆ పని త్వరగానే అయిపోయింది.

"ఫ్యాను గట్టిగా తిరిగితే నిన్నే ఎవరన్నా పట్టుకోవాల గదరా!"

"బరువు కాదు మామా, కళ్ళు చూసి పసిగట్టాల. అదీ ఇప్పటి ఆట."

ఇంతలో మా నాయన వచ్చాడు. బళ్ళో లెక్కల అయ్యవారు.

"ఏందంట దావీదూ?"

"నాకేం తెల్సు బావా, నన్ను కిటికీ కాడ నిలబడమంటాండాడు."

"చదువుకున్నోడు ఏందో చెప్తాండాడు. పోయి నిలబడు."

మా నాయన జీవితంలో నా చదువును నమ్మింది ఆ ఒక్కసారే. మామ తువ్వాలు దులుపుకుని కిటికీ దగ్గరికి పోయాడు. మిగతా కిటికీలకు చిన్నాన్న కొడుకులను పంచాను. అందరూ సన్నగా, చురుగ్గా, అచ్చం కొత్త వీడియోల్లో మాదిరి ఉన్నారు. తలుపు దగ్గర నేను మోకాళ్ళు కాస్త వంచి, చేతులు చాచి నిలబడ్డాను. ఫోటోగ్రాఫరు చూసి కడుపునొప్పా అని అడిగాడు.

వేదిక మీద పాస్టరుగారు "చివరిగా ఒక్క మాట" అన్నప్పుడల్లా జనం కుర్చీల అంచుకు జరిగేవాళ్ళు. ఆ చివరి మాటకు ఇంకో చివరి మాట పుట్టేది. అంతలో మస్తాన్ భాయ్ బిర్యానీ దేక్సా మూత తీశాడు. మసాలా వాసన హాలంతా కమ్ముకుంది. పాస్టరుగారు కూడా మనిషే కదా, ప్రార్థన చటుక్కున ముగించి "ఆమేన్" అన్నారు.

నేను కిటికీలవైపు చూశాను. ఒక్క కర్చీఫు కూడా లేవలేదు. మధ్యలో దావీదు మామ లేడని జనం చూసేశారు. తలుపు ఖాళీగా ఉంటే కిటికీలతో ఎవరికి పని? అందరూ నేరుగా నా మీదికే వచ్చారు. ముందు ఆత్మకూరు చిన్నాన్న, ఆయన వెనక మహానంది పిన్ని, ఆమె వెనక మా వీధి మొత్తం. తమాషా ఏమిటంటే అందరూ మా తరఫువాళ్ళే. మగపెళ్ళివాళ్ళు పాపం మర్యాదగా ఇంకా కూర్చునే ఉన్నారు.

నేను కళ్ళు చూసి పసిగట్టాలని ప్రయత్నించాను. అందరి కళ్ళలోనూ బిర్యానీ తప్ప ఇంకేమీ లేదు. ఒకరు నన్ను కుడికి తిప్పారు, ఇంకొకరు ఎడమకు తిప్పారు, ఎవరో "పక్కకు జరుగు నాయనా, దెబ్బ తగుల్తాది" అని జాలిపడ్డారు కూడా.

అప్పుడు కనబడింది. పెద్ద పెద్ద మనుషుల చాటున, చేతులకింద దూరుతూ ఒక చిన్న ముసలామె. ఒక చేతిలో కర్ర, చంకలో సంచి. బాల్ పట్టుకున్నవాడు అచ్చం అలాగే దూరుతాడు. నా చదువంతా ఒక్కసారిగా పనిచేసింది. ఎగిరి ఆమెకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆగవ్వా!"

"యాడ ఆగేది? జరుగప్పా."

"ఎవరి తరపు?"

"మగపెండ్లోళ్ళం."

"అందరూ అదే చెప్తారు."

"పెండ్లికొడుకు జేజినిరా నేను!"

నేను నవ్వాను. ఇచ్చినట్టు నటించడం అంటే ఇదేగా!

"అవ్వా, ఇట్లాంటి ఎత్తులు దినామూ చూస్తాండా. ఈ బంతి పెండ్లికొడుకు జేజికోసమే పెట్టినాం. ఆమె వచ్చేదాకా నిన్ను పంపేదే ల్యా."

ముసలామె నన్ను తేరిపార చూసి, పక్కనున్న కుర్చీలో చతికిలబడింది. నా వెనక నంద్యాలంతా లోపలికి పోయి విస్తర్లముందు కూర్చుంది. నేను మాత్రం గెలిచినట్టు రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. ఇంతలో పెళ్ళికొడుకు, అక్క వేదిక దిగి వచ్చారు.

"జేజీ! ఈడ కూచున్న్యావేంది?" అన్నాడు బావ.

"నీ బామ్మర్ది జేజి కోసం కాచుకోనుండాడు నాయనా. వస్తాదేమోనని నేనూ చూస్తాండా."

అక్క పూలదండతో అట్లే నిలబడి నావైపు చూసింది. ఎంత సిగ్గుపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

నాయన నన్ను నాలుగు తిట్లు తిట్టి "దావీదూ!" అని కేకేశాడు. మామ కిటికీ వదిలి వచ్చాడు. ఎవర్నీ గుద్దలేదు. హాలు మధ్యలో నిలబడి, "లెయ్యండప్పా, కూడు యాడికీ పోదు" అన్నాడు, అంతే. మొదటి బంతి మొత్తం లేచింది. తునకలు మాత్రం అప్పటికే అడుగంటాయి. పెళ్ళికూతురి కోసం మస్తాన్ భాయ్ విడిగా తీసిపెట్టిన గిన్నె తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. అక్క దాన్ని జేజి విస్తట్లో తనే ఒంపింది.

జేజి తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, తీర్పు చెప్పింది. "నీ తమ్ముడు మంచోడేలేమ్మా. ఊరంతా దూరిపోయినా నన్ను మాత్రం నాకోసమే ఆపినాడు."

ఆ తర్వాత వీడియోల్లో ఇంకో వింత చూశాను. లైన్‌బ్యాకర్లు సన్నబడ్డారని కనిపెట్టి, ఎదుటి జట్లు మళ్ళీ బాల్ చంకలో పెట్టుకుని మధ్యలోంచే పరిగెత్తుతున్నాయి. దాంతో అక్కడక్కడ మెడ లేని మనుషులను మళ్ళీ వెతుకుతున్నారు. నా డబ్బాలు మళ్ళీ వెడల్పవుతున్నాయి. ఈ సంగతి దావీదు మామకు చెప్తే, "వాళ్ళ పెండ్లిలో ఎవురలిగినారప్పా?" అని అడిగాడు.

ఇప్పటికీ ఆళ్ళగడ్డలో అక్క ఇంటికి పోతే, జేజి గడపకు అడ్డంగా కర్ర పెట్టి "ఎవరి తరపప్పా నువ్వు?" అంటుంది. నేను చెప్పులు విడిచి, కుడిచెయ్యెత్తి చెప్పాలి. "సుధాకర్ అనే నేను, నా బొందిలో ప్రాణముండగా ఏ పెళ్ళిలోనూ దావీదు మామను తలుపు దగ్గరనుంచి కదిలించనని, జేజి అని చెప్పిన ప్రతి అవ్వనూ జేజి అనే నమ్ముతానని ప్రమాణం చేస్తున్నాను." అప్పుడు కర్ర తీస్తుంది. తునకలు మాత్రం ఆ ఇంట్లో నాకు చివరి బంతిలోనే.