వెనక చక్రాల మీద బరువు

పెంకుల బట్టీలో అందరూ ఆమెను బండి వదిన అనేవారు. ఆమె భర్తకు ఎప్పుడో పడిన పేరు హారన్. పికప్ బండి నడిపిన ఇరవై ఏళ్లూ మలుపు కనబడితే చాలు, చెవులు చిల్లులు పడేలా మోగించేవాడు. తర్వాత చక్కెర జబ్బు అతని కళ్ల మీదికి వచ్చింది. మొదట మంచు పట్టినట్టుందన్నాడు. ఏడాది తిరిగేసరికి కంచంలో ఏముందో అడిగి తినాల్సి వచ్చింది.

చూపు కొద్దిగా మిగిలి ఉండగానే ఆమెను ఖాళీ మైదానానికి తీసుకెళ్లి బండి నేర్పాడు.

"ఇల్లు నడిపే దానివి, ఇది నడపలేవా? ఇదైతే బ్రేకు వేస్తే ఆగుతుంది కూడా" అన్నాడు.

ఆమె నేర్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో లైసెన్సు తెచ్చుకుంది. బట్టీ గుట్ట మీద ఉంది. పొద్దున్నే పెంకులు నింపుకుని కిందనున్న దుకాణానికి చేరవేయాలి, ఖాళీ బండితో మళ్లీ పైకి రావాలి. గుట్ట దారి అంతా బంకమట్టి. వాన పడితే సబ్బు రాసినట్టు ఉండేది. దిగేటప్పుడు పెంకుల బరువుకి వెనక చక్రాలు నేలను కరిచి పట్టేవి. ఎక్కేటప్పుడే తంటా. ఇంజను బరువంతా ముందుంటుంది, బండిని తోసే చక్రాలేమో వెనక ఉంటాయి. వెనక సరుకు తొట్టి ఖాళీగా ఉంటే ఆ చక్రాలకు పట్టు దొరకదు. ఉన్నచోటే గిర్రున తిరిగి బురద చిమ్మేవి. మొదటి వానాకాలం ఆమె ఆ దారిలో ఎన్నిసార్లు దిగబడిందో లెక్కలేదు.

రెండో వానాకాలం మొదలైన రోజున హారన్ గుమ్మంలో నిలబడి అన్నాడు: "నన్ను వెనక ఎక్కించుకో. ఎనభై కేజీల మనిషిని ఇంట్లో ఊరికే కూర్చోబెడితే ఏం లాభం? వెనక కూర్చుంటే బరువుకైనా పనికొస్తాను."

"కళ్లు కనబడని మనిషిని తొట్టిలో ఎలా కూర్చోబెడతానండీ?"

"బరువుకి కళ్లెందుకే?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఒప్పుకుంది కూడా. అతను తడుముకుంటూ ఎక్కి, సరిగ్గా వెనక ఇరుసు మీద, రెండు చక్రాల మధ్య చతికిలబడి పక్క కడ్డీ పట్టుకున్నాడు. బండి ఎక్కింది. అతని బరువు కొంత పనిచేస్తే, మిగతాది అతని చెవులు చేసేవి. చక్రం పట్టు తప్పిన క్షణాన్ని శబ్దాన్ని బట్టే కనిపెట్టి వెనకనుంచి అరిచేవాడు: "కాలు తియ్యి. తొక్కేకొద్దీ గొయ్యి తవ్వుతుంది. రెండో గేర్లో మెల్లగా క్లచ్చు వదులు." ఆమె అలాగే చేసేది.

బట్టీ మేస్త్రి ఎదురొచ్చి, "ఏం హారన్ అన్నా, ఇవాళ కూడా నువ్వే లోడా?" అనేవాడు. "నన్ను మాత్రం దుకాణంలో దించకండిరా" అనేవాడితను. ఇంటికొచ్చాక ఒళ్లంతా బురదతో, ఎన్నాళ్లుగానో లేని ఆకలితో తినేవాడు. అది చూసే ఆమె వద్దనలేదు. వెనక టైర్లు అరిగి నున్నబడ్డాయని తెలుసు. మారుద్దామంటే, "నేనున్నాగా" అనేవాడు.

అతను తొట్టిలో ఎక్కడం మొదలుపెట్టాక అలా రెండు వానాకాలాలు గడిచాయి. మూడోదాని నడుమ ఒక పొద్దున, గుట్ట ఎక్కుతుండగా పెద్ద మలుపులో బండి వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారింది. ఆమె కంగారులో బ్రేకు గట్టిగా తొక్కింది. అది ఇంకా జారి గట్టుకు కొట్టుకుని ఆగింది. దిగి పరుగెత్తి చూస్తే తొట్టి ఖాళీ. పక్క కాలువలో, నీళ్లలో వెల్లకిలా పడి ఉన్నాడు.

"బండికేమైంది?" అని అడిగాడు.

ఆమె కాలువలోకి దిగి అతని తల నీళ్ల మీదికి ఎత్తి పట్టుకుంది.

మెడ కింది కంటె ఎముక విరిగింది. చెయ్యి గుడ్డలో వేలాడదీసి, ఆరు వారాలు కదలకూడదన్నారు. ఆడపడుచు కబురందిన గంటలోనే వచ్చింది. అన్నను చూసి ఏడ్చి, వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మా అన్నని బస్తాలా వెనకేసుకుని తిప్పావా వదినా?"

"ఆయనే వస్తానన్నారు."

"వస్తానంటే తీసుకెళ్తావా?"

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

మూడో రోజు టైర్ల దుకాణానికి వెళ్లింది. అక్కడి ముసలాయన బండి చుట్టూ తిరిగి, వెనక టైరు మీద బొటనవేలు రాసి, పెదవి విరిచాడు.

"ఇవి టైర్లు కావమ్మాయ్, బోడి గుండ్లు. లోతు గాట్లున్నవి వెయ్యి. ఆ పైన నాలుగు ఇసుక బస్తాలు ఇరుసు మీదికొచ్చేలా వేసి, కదలకుండా తాళ్లతో కట్టు. చివర తలుపు దగ్గర వేశావంటే తోక బరువై ఇంకా ఊగుతుంది. బురదలోకి దిగేముందు కొంచెం గాలి తగ్గించు, రోడ్డెక్కాక మళ్లీ కొట్టించుకో. ఇది బండి తోలే ప్రతివాడికీ తెలిసిందేగా, మీ ఆయన చెప్పలేదూ?"

ఆ వారంలోనే అలా చేసి గుట్ట ఎక్కింది. పెద్ద మలుపులో కూడా చక్రాలు ఒక్క చుట్టు వృథాగా తిరగలేదు. బట్టీ ముందు ఇంజను ఆపి, స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. మేస్త్రి దగ్గరికొచ్చి, ఆమె ముఖం చూసి, వెనక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం అతనికి చొక్కా మారుస్తూ అడిగింది: "ఇసుక బస్తాల సంగతి మీకు తెలుసా?"

అతను గుడ్డలో ఉన్న చేతిని సర్దుకున్నాడు.

"ఇరవై ఏళ్లు తోలినవాణ్ణి. తెలియకపోవడమేమిటి?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే నన్నెందుకు తీసుకెళ్తావు?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయి ఉంటే ఏం చేసేదాన్నని అరవాలనిపించింది. కానీ టైర్లు నున్నబడ్డాయని తెలిసీ ఊరుకున్నది తనే. బొత్తాలు పెట్టి లేచిపోయింది.

ఎముక అతుక్కున్నాక, కాబిన్లో తన పక్కన కూర్చుని రమ్మని పిలిచింది. "ముందు కూర్చుంటే ముందు బరువు. నీకు అడ్డం" అన్నాడు. మళ్లీ పిలిస్తే, భుజం నొప్పన్నాడు. ఇంట్లో జోకులు తగ్గాయి, తిండి తగ్గింది. ఆమె బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటాడని పక్కింటావిడ చెప్పింది.

ఒక రోజు జోరువానలో తడిసి ఇంటికొచ్చింది. అతను చప్పుడు విని తల తిప్పాడు.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"పెద్ద మలుపు దగ్గర జారలేదూ?"

జారలేదు. ఆమె తడి కొంగు పిండుకుంటూ అతని ముఖంలోకి చూసింది.

"కొంచెం జారిందండీ."

"ఎటువైపు?"

"ఎడమకి."

అతను లేచి, గోడ పట్టుకుని ఆమె వైపు రెండడుగులు వేశాడు. "స్టీరింగు ఎటు తిప్పావు? వెనక ఎటు జారితే అటే తిప్పాలి, ఎదురు తిప్పావా ఏం కొంపదీసి? బ్రేకు తొక్కలేదు కదా? కూర్చో, చెబుతాను" అన్నాడు.

ఆమె తడిబట్టలతోనే కూర్చుని, అబద్ధానికి కావలసిన మలుపులన్నీ ఒక్కొక్కటే చెప్పసాగింది.