బెల్లం ఎక్కువైన గోడ

ఆ రోజుల్లో నా చేతిలో తాపీ చూసినవాళ్లెవరూ నన్ను గోడ మెత్తమని అడగలేదు. "దోసె తిప్పను పనికొస్తాదిలే" అనేవాడు మా మేనమామ, నవ్వకుండానే. ఐదో తరగతిలో బడి మానేసి (ఆ రోజు లెక్కల పంతులు దేవునికి కొబ్బరికాయ కొట్టినాడని చెప్పుకున్నారు) ఆయన దగ్గరే గార పనిలో చేరినాను. రాజంపేట చుట్టుపక్కల ఆయన పేరుమోసిన మేస్త్రీ. సున్నమూ ఇసుకా గానుగలో నూరించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి ఆయన మెత్తిన గోడలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. నేను మెత్తిన గోడలో కడప జిల్లా కొండలన్నీ కనబడేవి. వాటిని చూసి తిట్టకుండా నవ్వేది మామ కూతురొక్కతే. ఆ నవ్వు కోసమే నేను ఆ పనిలో ఉండినాను.

చెనక్కాయల వ్యాపారం చేసే షావుకారొకాయన మద్రాసు పోయొచ్చి, తన కొత్తింట్లో నడిమింటి గోడలకు పైన చుట్టూ గారతో అంచు తీయాలని, మూలమూలకూ పువ్వు పెట్టాలని పట్టుబట్టినాడు. చీరకు ఉన్నట్టు గోడకూ అంచన్నమాట. మామ కొయ్యపలకకు వంపులు కత్తిరించిన రేకు కొట్టించి నా చేతికిచ్చినాడు. పచ్చిగార మెత్తి, దాని మీద ఆ అచ్చు లాక్కుంటూ పోతే వంపులు తేలతాయి. "నువ్వొక్కనివే తియ్యి. అంచు నిలబడితే పిల్ల నీది. లేకుంటే ప్రొద్దుటూరు మేస్త్రీ కొడుక్కు మాటిచ్చేస్తా" అన్నాడు. ఎగతాళి కాదు. ఆయనకు ఎగతాళి చేతకాదు, మా వంశంలో ఆయన వాటా కూడా నాకే వచ్చింది.

గోడకు మెత్తిన గార గోడనానుకుని ఉంటుంది. అంచు అట్లా కాదు, గాలిలోకి పొడుచుకొస్తుంది. రాలిపోతే నా పెండ్లీ రాలిపోతుంది. అప్పుడు మా అమ్మ చేసే చెనక్కాయ ముద్దలు గుర్తొచ్చినాయి. పాకం ఆరినాక మా తాత పన్ను ఊడింది గానీ ముద్ద విరగలేదు. ఇంకేం, మామ చెప్పినదానికి మూడింతల బెల్లం తొట్టిలో వేసినాను. అప్పుడే సంగటి తెచ్చిన మామ కూతురు తొట్టిలోకి తొంగిచూసింది.

"ఏం బావా, గార కలుపుతాండావా, పాయసం కాస్తాండావా? అంత బెల్లం ఏంటికి?"

"నీ మాటల్లో లేని తీపి యాడన్నా ఉండాల గదా!"

"నాయన్నడిగి ఎయ్యి బావా. నిజంగా చెప్తాండా." ఈసారి ఆమె నవ్వలేదు. నేను నవ్వినాను.

ఆ సాయంత్రం అంచు ఎంత తిన్నగా వచ్చిందంటే, కింద నిలబడి చూసి నాకే కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. తెల్లారి పోయి చూస్తే, కునుకు తీసే ముసలాయన పెదవి మాదిరి వేలాడుతోంది. బెల్లం ఎక్కువైతే సున్నం గట్టిపడదట! గోడ పొడుగునా ఎర్రటి చారలు కారినాయి, ఆ చారల వెంబడి చీమలు బారులు తీరినాయి (అచ్చు లేకుండానే ఎంత తిన్నగా పోతున్నాయో). నిచ్చెనెక్కి రెండు చేతులతో అంచును పైకి అదిమినాను. ఈ పక్క ఎత్తితే ఆ పక్క జారింది. అట్లా గోడను బతిమాలుకుంటూ ఉండగానే షావుకారు, మామ లోపలికొచ్చినారు. మూలనున్న పువ్వు ఊడి సరిగ్గా షావుకారు కాళ్ల ముందర పడింది.

"ఏమప్పా మేస్త్రీ, మద్రాసు అంచడిగితే చీమలకు తిరునాళ్లు పెట్టినావే!"

మామ తలెత్తి నన్నే చూసినాడు. "దిగురా" అన్నాడు. అంతే. అంచంతా ఆయనే గీకేసినాడు. పొద్దుగూకేలోపల ప్రొద్దుటూరికి కబురు పోయింది. ఇంటికి నడిచే దోవలో నాకొక్క ఎగతాళి మాటా తోచలేదు. ఆమె పెండ్లికి వాళ్లింటి గోడలకు వెల్ల వేసింది మాత్రం నేనే (దానికి బెల్లం అక్కరలేదు).

నా తల వెల్ల వేయకుండానే తెల్లబడినాక, చుట్టాల పెండ్లిలో ఆమె ఎదురుపడింది. నిచ్చెన మీద గోడను బతిమాలుకున్న ఆ పిల్లోడిని తలుచుకుంటే అప్పటికి నవ్వే వస్తుండేది. ఆ నవ్వు ముఖాన పెట్టుకునే అడిగినాను: "ఏమ్మే, మీ ఆయన కట్టిన ఇల్లెట్లుండాది? అంచులు తిన్నగా ఉండాయా?"

ఆమె నా తెల్లజుట్టు వైపు చూసింది.

"శానా తిన్నగుండాయి బావా. ఒక్క చీమ గూడా రాదు."