హదేబే కట్టిన రెండువందల ఇరవై ఎనిమిది నెలలు

బులవాయో ఊళ్లో, మా లువేవే పేట వీధిలో మాచూమా పొదుపును చూసి నవ్వుకోని ఇల్లు లేదు. ఒకసారి కాచిన టీ ఆకును ఎండబెట్టి మళ్లీ కాచేది. అరిగి గోరంతయిన సబ్బును కొత్త సబ్బుకు అతికించేది. మొగుడు హదేబే బులవాయో రైల్వేలో ముప్ఫై మూడేళ్లు చేసి రిటైరైతే, వచ్చిన డబ్బులో ఒక్క సెంటు ముట్టనివ్వకుండా బ్యాంకులో వేయించింది. "ముసలితనంలో ఒకరి గుమ్మం ముందు నిలబడకూడదు చెల్లీ" అనేది నాతో. నవ్వితే నవ్వాం గానీ, ఇరవై రెండిళ్ల వాళ్లం కలిసి చావు సంఘం పెట్టుకున్నప్పుడు డబ్బు ఆమె చేతిలోనే పెట్టాం. దాన్నీ బ్యాంకులోనే వేసింది. నెలనెలా అందరం కడతాం. ఎవరింట్లో ఎవరు పోయినా శవపేటిక, బండి, వచ్చినవాళ్లకు సంకటీ మాంసమూ సంఘమే చూసుకుంటుంది.

హదేబే పోవడానికి రెండేళ్ల ముందు, పొద్దునొక ధర, సాయంత్రమొక ధర అవుతున్న రోజుల్లో, సంఘం కూర్చున్నప్పుడు సిజిబా ఒక మాటన్నాడు. సిజిబా అధికార పార్టీ మనిషి. దేశాన్నేలే పెద్దాయన బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని తిరిగేవాడు మా వీధిలో వాడొక్కడే. వాడంటే నాకు ఒళ్లుమంట.

"పెద్దమ్మా, డబ్బు చేతిలో ఉండగానే చచ్చిపోతోంది. ఉన్నదంతా పెట్టి పది పేటికలు కొని పడేద్దాం" అన్నాడు.

మాచూమా లేచి నిలబడింది. "మనుషులు బతికుండగానే పేటిక కొని ఇంట్లో పెడతావట్రా? ఖాళీ పేటిక ఊరుకుంటుందా? మనిషిని అడుగుతుంది. ముందు నిన్నే అడుగుతుంది!"

మా పెద్దలు చెప్పిందీ అదే. చావును చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకునేవాడు ఎవడుంటాడు? అందరం ఆమె వైపే చెయ్యెత్తాం. సిజిబా మీద కచ్చతో నేను రెండు చేతులూ ఎత్తాను. వాడు చెప్పింది సబబేనని నా మనసుకు తెలుసు. ఇప్పుడు ఒప్పుకుని ఏం లాభం?

రెండువేల ఎనిమిది అక్టోబరులో హదేబే పోయాడు. ఛాతీ జబ్బు. ఆసుపత్రిలో మందు లేదు, శవాల గదిలో కరెంటు లేదు. బయట ఎండ మండిపోతోంది. "రేపు సాయంత్రంలోగా తీసుకెళ్లండమ్మా. లేదంటే దిక్కులేనివాళ్లతో కలిపి పెద్ద గోతిలో వేసేస్తారు. పేరు కూడా ఉండదు" అన్నాడు అక్కడి కాపలావాడు.

మాచూమా, నేనూ బ్యాంకు ముందు వరసలో నిలబడ్డాం. మూడు గంటలు. అప్పటికే సర్కారు నోటు మీద పది సున్నాలు కొట్టేసింది; వెయ్యి కోట్లు ఒక్కటైపోయాయి. కిటికీ వెనకున్న కుర్రాడు సంఘం డబ్బూ, హదేబే రిటైర్మెంటు డబ్బూ కలిపి చూశాడు.

"రెండూ కలిపినా ఒక రొట్టె రాదమ్మా" అన్నాడు.

"సరిగ్గా చూడు నాయనా. అది ముప్ఫై మూడేళ్లది" అంది మాచూమా.

వాడు మళ్లీ చూసి బ్యాంకు పుస్తకం వెనక్కి తోశాడు. ఆమె దాన్ని చెంగులో చుట్టుకుని బయటికి నడిచింది. ఏడుస్తుందేమో, పట్టుకుందామని నేను పక్కనే నడిచాను. ఏడవలేదు. అదే నాకు భయం పుట్టించింది.

ఇంటి దగ్గర సంఘం వాళ్లంతా కూర్చుని ఉన్నారు. సంగతి వినగానే సిజిబా మొదలుపెట్టాడు. "ఇదంతా ఇంగ్లండు వాళ్ల పని. ఆంక్షలు పెట్టి మన గొంతు నులుముతున్నారు."

నాకు తిక్క రేగింది. "ఒరేయ్, మీ పెద్దాయన నోట్లు అచ్చేసుకుంటుంటే ఇంగ్లండు వచ్చి మిషను తిప్పిందిట్రా? తిన్నది మీరు, మూతి తుడిచేది వాళ్లకా?"

"నీకెంత ముట్టజెప్పారక్కా వాళ్లు?"

"నాకు ముడితే నీ ఎదురుగా ఎందుకు కూర్చుంటానురా, వెధవా!"

చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. మాచూమా నెమ్మదిగా అంది: "మీ పెద్దాయనా, మీ ఇంగ్లండూ రేపు తేల్చుకోండి. నా మనిషి అక్కడ ఎండలో కుళ్లిపోతున్నాడు."

హదేబేతో రైల్వేలో పనిచేసిన ముసలి వడ్రంగి లేచి ఇంట్లోకి వెళ్లి చూసి వచ్చాడు. పేటికకు చెక్క ఎక్కడా దొరకడం లేదు. పడకగది తలుపూ, వంటింటి తలుపూ ఊడదీశాడు. హదేబే పొడగరి, చాలలేదు. వీధి తలుపు కూడా తియ్యమంది మాచూమా.

మర్నాడు శ్మశానానికి పేటికను తోపుడుబండి మీద తీసుకెళ్లాం. సంకటి లేదు, మాంసం లేదు, తలా గ్లాసు నీళ్లు. పేటిక పక్కన తలుపు తాళంచెవి బొక్క అలాగే ఉంది. నేను దాని వైపు చూడలేకపోయాను.

మట్టి కప్పాక డబ్బు దాచే మనిషి లేచి, పోయినవాళ్లు ఎంత కట్టారో, సంఘం ఏమిచ్చిందో చదవాలి. అది మా పద్ధతి. ఈసారి వద్దులే అన్నాను. మాచూమా వినలేదు. సంఘం పుస్తకం తెరిచింది.

"హదేబే కట్టినవి రెండువందల ఇరవై ఎనిమిది నెలలు. ఒక్కటీ తప్పలేదు. సంఘం ఇచ్చింది..." ఆగింది. "ఏమీ లేదు. ఇంగ్లండు అంటాడు సిజిబా. పెద్దాయన అంటుంది మా చెల్లి. వాళ్లెవరూ ఈ గోతి దగ్గరికొచ్చి జవాబు చెప్పరు. పేటికలు కొనొద్దన్నది నేను. అడిగేవాళ్లు నన్నడగండి."

ఎక్కడ చూడాలో తెలియక నేను మట్టివైపు చూస్తున్నాను. చివరికి సిజిబా ముందుకొచ్చాడు. మళ్లీ ఏం కూస్తాడోనని పళ్లు కొరికాను.

"పెద్దమ్మా, మా అమ్మ మూడు రోజుల్నుంచి లేవడం లేదు. ఆమె పేరున ఎన్ని నెలలున్నాయి?"

మాచూమా పుస్తకం చూడలేదు. "నూట తొంభై ఆరు. ఒక్కటీ తప్పలేదు" అంది. పుస్తకం మూసి, వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"మీ ఇంట్లో తలుపులు ఎన్నున్నాయి నాయనా?"