నా మాట, వాడి సీను

మా తమ్ముణ్ణి ఇప్పుడందరూ ‘రైటరుగారు’ అంటున్నారు. నేను మాత్రం దొంగవెధవ అనే అంటాను.

వాడికి చిన్నప్పటి నుంచీ చెవులే ఆస్తి. నేను బట్టలు కుట్టే గదిలో ఓ మూల కూర్చుని, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ కబుర్లన్నీ నోటుబుక్కులో ఎక్కించేవాడు. వాటితోనే మొదటి నాటకం రాశాడు. పోటీల్లో మొదటి బహుమతి వచ్చింది. ఆ రోజు వీధంతా తిరిగి చాటింపు వేసింది నేనే, నా బుద్ధి గడ్డి తిని!

ఆ తర్వాతే నా మొగుడు ఇంకొకావిడ కోసం పెట్టె సర్దుకున్నాడు. గుమ్మానికి అడ్డం నిలబడి నాలుగు దులపాల్సిందాన్ని, నోరు పెగిలి వచ్చింది ఒక్కటే: “భోంచేసి వెళ్ళండి.” ఆ మహానుభావుడు కూర్చుని భోంచేశాడు కూడా. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి నేను వేరే పేటకి మారి ఓ టైలరు షాపులో చేరాను. మా ఆయనకి దూరంగా ఉద్యోగమని అక్కడ చెప్పాను. నిజం ఒక్క తమ్ముడికే చెప్పుకుని ఏడ్చాను.

రెండో నాటకంలో ఆ పూటంతా స్టేజీ ఎక్కించాడు. జనం పడీపడీ నవ్వారట. ఆ నవ్వులు చూసే, ఆ నాటకాన్ని సినిమాగా తీస్తామని సినిమావాళ్ళు వాణ్ణి పిలిచారు. సంగతి తెలిసి వాడి గదికి పరిగెత్తాను.

“ఒరేయ్, మిగతాదంతా నీ ఇష్టం. ఆ ఒక్క మాటా తీసెయ్యరా.”

“అది నువ్వని ఎవరికి తెలుస్తుందక్కా?”

“నాకు తెలుసు కదరా!”

“సరే, తీసేస్తాలే. నీ మీదొట్టు” అన్నాడు, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా.

నేను నమ్మాను. తోడబుట్టినవాణ్ణి నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మను?

సినిమా విడుదలైంది. “మీ తమ్ముడి సినిమా కదా, పద పద” అంటూ షాపువాళ్ళే టికెట్లు కొని నన్ను లాక్కెళ్ళారు. సగం సినిమా అయ్యాక, తెర మీద మొగుడు పెట్టె పట్టుకుని బయల్దేరాడు. హీరోయిను కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “భోంచేసి వెళ్ళండి” అంది. హాలు ఘొల్లుమంది.

“ఇదెక్కడి మాలోకమే తల్లీ! చీపురు తిరగెయ్యక అన్నం పెడుతుందా!” అని పక్కనున్న కాజాలు కుట్టే పెద్దావిడ నా తొడ మీద చరిచి, నా మొహంలోకి చూసింది.

నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వకపోతే అది నేనేనని తెలిసిపోతుంది కదా.