సాంచాలు ఆపిన ఇంటర్వ్యూ

ఆ వయసే అంత. ఇరవై రెండేళ్ళప్పుడు నాకు ఇంజనీరింగ్ కొద్దిగా వచ్చు, పుట్టి పెరిగిన ఇల్లంటే మాత్రం బోలెడంత సిగ్గు. మాది ముంబై పక్కన భివండీలో నార్పోలి. కింద మా బాపు ఆరు సాంచాల షెడ్డు, పైన మేము. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. పొద్దంతా వాటి మోతకు మా ఇంట్లో గ్లాసులు కూడా ఒకచోట కుదురుగా ఉండేవి కావు. ఆ ఇంట్లోంచి నేను మొబైల్ టవర్లు పెట్టే ఒక కంపెనీకి వీడియో ఇంటర్వ్యూ ఇవ్వాలి. అప్పటికి నన్ను పిలిచిన కంపెనీ అదొక్కటే. అది పోతే కాల్హేర్ గోదాముల్లో డబ్బాలకు స్టిక్కర్లు అంటించడమే గతి (ఆ పనికి కూడా పైరవీ కావాలని తర్వాత తెలిసింది).

"గంటసేపు సాంచాలు బంద్ పెట్టరాదు బాపూ" అని బతిమాలాను. బాపు మా షెడ్డే కాదు, చుట్టుపక్కల వాళ్ళను బతిమాలి ఇంకో మూడు షెడ్లు ఆపించాడు. మధ్యాహ్నం మూడింటికి గల్లీ మూగబోయింది. అదే కొంప ముంచింది. కరెంటు ఉండగా సాంచాలు ఆగాయంటే మా దగ్గర ఎవరో పోయారని అర్థం. "ఎవలు పోయిండ్రు? ముసలామెనా?" అంటూ జనం మెట్లెక్కి వచ్చారు. మా నానమ్మ గుమ్మంలో కూర్చుని "నేను మంచిగనే ఉన్న, పోండ్రి" అని ఒక్కొక్కరినీ తిప్పి పంపింది. పని లేని కార్మికులంతా మా గోడ నీడన చేరి, ఫోన్లు తీసి సినిమాలు పెట్టుకున్నారు. అందరూ ఒకే టవర్ మీద పడేసరికి నా తెర మీద ఇంటర్వ్యూ సారు నోరు తెరిచి బొమ్మలా ఆగిపోయాడు.

కిటికీలోంచి అరిచాను. "బాపూ, సాంచాలు నడిపియ్యి! జల్ది!"

"ఇప్పుడేనాయె బంద్ పెట్టమంటివి!" అని గొణుక్కుంటూనే నడిపించాడు.

కార్మికులు లేచి వెళ్ళారు, సారులో చలనం వచ్చింది, దానితోపాటే మోతా వచ్చింది. అప్పుడే ఆయన అడిగాడు, గాలిలో సిగ్నల్ చెడిపోతుంటే సమాచారాన్ని తప్పుల్లేకుండా ఎలా చేరుస్తారని. బట్టీ పట్టిన ఛానల్ కోడింగూ, లింక్ అడాప్టేషనూ ఆ చప్పుడులో ఎగిరిపోయాయి. సరిగ్గా అప్పుడు కింద షెడ్డులో కండెలు చుట్టే మా చిన్నమ్మ బాపును కేకేసింది. "బావా! మూడో సాంచ! పోగు తెగింది! మూడో సాంచ! పోగు! మూడు!"

"ఎవరది?" అన్నాడు సారు.

"మా చిన్నమ్మ సార్. చప్పుడులో మాట పోతుందని మళ్ళీ మళ్ళీ చెబుతుంది. సగం వినపడకపోయినా మిగతా సగంతో మా బాపు పోల్చుకుంటాడు. అది కోడింగ్. సాంచాలు ఆగితే ఇదే చిన్నమ్మ పోగు ఎందుకు తెగిందో, ఆ నూలు అమ్మినవాడి వంశం ఎలాంటిదో ఒక్క గుక్కలో చెప్పేస్తుంది. చప్పుడును బట్టి మాటలు తగ్గించడం, పెంచడం లింక్ అడాప్టేషన్" అన్నాను (నేనూ అరుస్తూనే చెప్పాను, ప్రతి మాటా రెండేసిసార్లు). సారు పగలబడి నవ్వాడు. ఉద్యోగం పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది.

వారానికి ఉద్యోగం ఇచ్చామని ఫోన్ వచ్చింది. మెట్లు దిగుతూనే "బాపూ, నౌకరొచ్చింది!" అని అరుస్తూ షెడ్డులోకి పరిగెత్తాను. బాపు చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తలూపాడు. మళ్ళీ అరిచాను. మళ్ళీ చెయ్యి పెట్టాడు. నాలుగోసారికి గొంతు బొంగురుపోయి, ఈ మనిషికి చెవుడొచ్చిందని విసుక్కుంటూ వెనక్కి తిరిగాను. చిన్నమ్మ నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. "పిచ్చిదానా, నువ్వు మెట్ల మీదున్నప్పుడే విన్నడు. మల్ల మల్ల చెప్పిచ్చుకుంటుండు."

అంత చదువు చదివిన నాకు ఆ సంగతి ఆమె చెబితే గానీ తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు విసుక్కోకుండా ఇంకో పదిసార్లు అరవాల్సింది.