ముట్టని ఆకు

మొగుడు కాశన్న పోయిన రెండో నెలలో హంపమ్మ చీర నేయడానికి మగ్గం గుంటలోకి దిగింది. అంతే, హంద్రి ఏటి ఒడ్డున ఉన్న ఆ నేతపల్లెకు ఊపిరాడలేదు. ఆడది నూలు కండెలు చుట్టొచ్చు, గంజి కాచొచ్చు, నడుం విరిగేదాకా చాకిరీ చెయ్యొచ్చు. గుంటలో కాళ్లు పెట్టి, పేక నూలు ఉన్న నాడె విసిరితే మాత్రం కులం మునిగిపోతుందట. కాశన్న రోగంతో మంచాన పడి ఉన్న ఏడాదంతా ఆ ఇంటి చీరలు నేసింది ఆమే. అప్పుడు తలుపు మూసి ఉంది కాబట్టి కులానికి ఏమీ కాలేదు.

మగ్గం మీద కన్ను మరిది గురప్పది. వాడికి సొంత మగ్గం ఉండేది, పేకాటలో పోగొట్టుకున్నాడు. వేరే కాపురం, వేరే పొయ్యి. అన్న బతికున్నప్పుడు గడప తొక్కనివాడు, అన్న పోయాక మాత్రం 'మా అన్న మగ్గం, మా అన్న మగ్గం' అని వీధి వీధీ ఏడ్చాడు. పోయి కులపెద్ద రామలింగప్ప కాళ్ల దగ్గర కూర్చున్నాడు. రామలింగప్పకు కావలసిందీ అదే. తన మాట అడగకుండా ఒక విధవ గుంటలో దిగడం ఆయనకు గొంతులో ముల్లయింది.

ఆ ఊళ్లో కులానికి ఏ కట్టుబాటు పెట్టినా చావిట్లో తమలపాకుల పళ్లెం తిప్పుతారు. ఇంటికొక మగవాడు వచ్చి, కట్టు ఏమిటో విని, రెండు ఆకులూ ఒక వక్కా తీసుకుంటాడు. తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకోని వాడికి ఆ కట్టు తగలదు. తాతల నాటి పద్ధతి అది, రామలింగప్పే పదిసార్లు గర్వంగా చెప్పుకున్న పద్ధతి. ఈసారి పెట్టిన కట్టు ఇది: మగ్గం గురప్పకు అప్పగించేదాకా హంపమ్మ పడుగుకు ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

బయటివాళ్లకు ఇదేం పెద్ద శిక్ష అనిపిస్తుంది. పడుగంటే చీర నిలువు పోగులు, వాటిని మగ్గానికి ఎక్కించేముందు తెల్లవారుతూనే వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలి. దానికి ఆరుగురు కావాలి. ఒక్కరే చేస్తే ఆ కొసకు చేరేసరికి ఈ కొస ఎండి, పోగులు పుటుక్కున తెగిపోతాయి. అందుకే ఒకరి పడుగుకు ఒకరు వెళ్లడం. ఆ చేతులు రాకపోతే మగ్గం చచ్చినట్టే.

హంపమ్మ చావిడికి వచ్చింది. ఆడవాళ్లు వచ్చే చోటు కాదు అది. గోడవతల నిలబడి వినాలి. ఆమె నిలబడలేదు, నేరుగా లోపలికే వచ్చింది.

"రామలింగన్నా, నాకు ఆకియ్యలేదు. నేను తీసుకోని కట్టు నాకెట్ల తగుల్తాది?"

"మీ ఇంటి ఆకు గురప్ప తీసుకున్యాడు గదమ్మే," అన్నాడు రామలింగప్ప.

"నా ఇంట్లో గురప్ప యాడుండాడు? ఆయప్ప పొయ్యి వేరే, గడప వేరే. నా నోట్లో ఆకు ఆయప్ప నమిలితే సరిపోతాదా?"

అప్పుడామె బడిపంతులు దేవేంద్రప్ప వైపు తిరిగింది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి ఏడు అది. ఆ పంతులు రోజూ సాయంత్రం అదే చావిట్లో పత్రిక చదివి, గొంతు పెంచి చెప్పేవాడు: మనిషికి హక్కులు పుట్టుకతోనే వస్తాయి, రాజు ఇచ్చేవి కావు. సర్కారంటే జనం తమలో తాము చేసుకున్న ఒడంబడిక. జనం ఒప్పుకోని దొరతనం చెల్లదు. గోడవతల కండెలు చుట్టుకుంటూ హంపమ్మ ఇవన్నీ వినేది. పిచ్చిది, నమ్మింది.

"అయ్యవారూ, ఒప్పుకోని దొరతనం చెల్లదని మీరే గదా సెప్తాండారు. ఆ మాట ఈళ్లకీ ఒకసారి సెప్పండి."

పంతులు దవడలో అప్పటికే ఆకు ఉంది. "అది దేశం సంగతి హంపమ్మా, ఇది ఇంటి సంగతి," అన్నాడు నేల చూస్తూ. తెల్లదొరను దించడానికి లేచిన గొంతు రామలింగప్ప ముందర పిల్లికూత అయిపోయింది. అట్లాంటి చదువు ఎవడిక్కావాలి.

మర్నాడు తెల్లవారుతూనే హంపమ్మ ఒంటరిగా పడుగు సాగదీసింది. మగవాళ్లంతా అరుగుల మీద చేరారు, తోలుబొమ్మలాటకు చేరినట్టు. ఆమె ఈ కొసకు గంజి పట్టించి ఆ కొసకు పరుగెత్తింది, మళ్లీ ఇటు పరుగెత్తింది. ఎండ ఎక్కుతోంది. మొదటి పోగు తెగినప్పుడు గురప్ప పెద్దగా నవ్వాడు. పదో పోగు తెగేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపు కాదు, కడుపుమంట. చేతులకు గంజి ఉండటంతో తుడుచుకోలేదు.

"ఇంగ చాలు వదినా, మగ్గం ఇచ్చేయ్. నీకెందుకీ అగసాట్లు," అన్నాడు గురప్ప.

అప్పుడు రామలింగప్ప ఇంటి గడప దిగి ఆయన భార్య మద్దమ్మ వచ్చింది. ఎవరివంకా చూడలేదు. నడుముకు కొంగు దోపుకుని, కింద పడి ఉన్న కుంచె తీసుకుని దువ్వడం మొదలుపెట్టింది.

"ఏమ్మే, కట్టుండాది, తెలీదా?" అన్నాడు రామలింగప్ప అరుగు మీంచే.

"ఆకు తినింది నువ్వు. నాకెవురిచ్చినారు?" అంది మద్దమ్మ, చెయ్యి ఆపకుండా. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె వీధిలో మొగుడికి ఎదురు మాట్లాడటం అదే మొదలు.

ఎదురింటి గంగక్క వచ్చింది. ఆ వెనక సుబ్బక్క, హనుమమ్మ. పడుగుకు ఆరుగురు చాలు, పదిమంది వచ్చారు. ఏ ఒక్కదానికీ ఈ ఊరు పుట్టినప్పటి నుంచి ఆకు ఇచ్చినవాడు లేడు. అరుగుల మీద నవ్వులు ఆగిపోయాయి. మిగిలిన పోగులు ఒక్కటీ తెగలేదు.

రామలింగప్ప ఊరుకుంటాడా? ఆ సాయంత్రమే ఆకుల పళ్లెం ఆడవాళ్లకూ పంపాడు, వాళ్లనూ కట్టులోకి లాగుదామని. ఇంటింటికీ మోసే పని పంతులుదే అయింది, నచ్చజెప్పే నోరు ఆయనదే కాబట్టి. ప్రతి గడప దగ్గరా ఒకటే ప్రశ్న. "తీసుకోకుంటే మాకు తగలదు గదా అయ్యవారూ?" తగలదని చెప్పక ఆ మనిషికి తప్పలేదు. చివరికి హంపమ్మ గడప దగ్గరా అదే చెప్పాడు. ఆమె పళ్లెం వంక చూసి, గుంటలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపింది.

ఆ గుంటలో ఆమె ఇంకో పదిహేనేళ్లు కూర్చుంది, చచ్చేదాకా. గురప్పకు ఆ మగ్గం పలక కూడా దక్కలేదు.

ఆ సాయంత్రం పళ్లెం నిండుగానే తిరిగొచ్చింది. రెండు రోజులు చావిట్లో పడి ఉండి ఆకులు వాడిపోయాయి. రామలింగప్ప వాటిని తన మేక ముందర పారేశాడు. అది వక్కలు వదిలేసి ఆకులన్నీ తిన్నది. ఆ ఊళ్లో ఆ కట్టుకు ఆడజాతిలో ఒప్పుకున్నది అదొక్కటే.